వేమగల్‌కు వచ్చిన దొరసాని

కోలారు నుంచి చిక్కబళ్లాపురం పోయే దారిలో వేమగల్ వస్తుంది. ఒకప్పుడు ఇక్కడ బస్సు దిగినవాళ్లతో మాట కలిపితే టమాటా ధరో, పట్టుపురుగులకు మల్బరీ ఆకు చాలలేదనో, ఆవు పాలు తగ్గించిందనో చెప్పేవాళ్లు. ఇప్పుడు ఫ్యాక్టరీలు వచ్చినాయి, వాటి వెనకాల లేఅవుట్లు వచ్చినాయి, లేఅవుట్ల వెనకాల ఇంగ్లీషు రోజాలు దిగినాయి. ముప్ఫై నలభై సైటులో గోడ నుంచి గోడకు ఇల్లు కట్టేసి, గేటు పక్కన మిగిలిన నాలుగడుగుల జాగాలో ఇంగ్లండును నాటాలని మావాళ్ల తాపత్రయం.

మా వీధిలో ఒక సారు నాటినాడు. ఆన్‌లైన్‌లో తెప్పించిన అట్టపెట్టె, అందులో జానెడు మొక్క, మొక్కకంటే పొడుగ్గా ఒక చీటీ. పదహారు వందల రూపాయలు. చీటీ మీద 'గెర్‌ట్రూడ్ జీకిల్' అని ఉంది. ఇంగ్లండులో తోటల రూపకల్పనకు పేరుపడ్డ ఒకామె పేరది. డేవిడ్ ఆస్టిన్ అనే ఆయన తాను పుట్టించిన ఒక రోజాకు 1986లో ఆ పేరు పెట్టినాడు. పలకడానికి సారు వారం సాధన చేసినాడు. వాళ్లింట్లో చెట్లకు నీళ్లు పోసే అవ్వ మొదటిరోజే "జెకిలమ్మ" అని తేల్చేసింది. వీధిలో అదే నిలిచింది.

ఆస్టిన్ మీద నాకేం కోపం లేదు. పాతకాలపు రోజాల గుబురు రేకులు, వాసన ఉండాలి, కొత్త రోజాల్లా ఏడాదిలో మళ్లీ మళ్లీ పూయాలి అని ఆయన పట్టుబట్టినాడు. 1961లో వచ్చిన మొదటిది, 'కాన్‌స్టన్స్ స్ప్రై', ఏడాదికి ఒక్క విడతే పూసి ఊరుకుంది. 1983లో పసుపుపచ్చ 'గ్రాహం థామస్' చెల్సీ పూలప్రదర్శనకు వచ్చినాకగానీ ఆయన పేరు మోగలేదు. పాతికేళ్లకు పైగా పట్టిన పని. అయితే ఆ పని ఆయన చేసింది ష్రాప్‌షైర్ చలిలో, ముసురులో. మా సీతి బెట్ట కొండ ఎండలో కాదు.

సారు దగ్గర ఇంగ్లండు పుస్తకమొకటి ఉంది. చలికాలం ముగిసేటప్పుడు కొమ్మలు కత్తిరించమని అందులో రాసుందట. ఇంగ్లండులో ఫిబ్రవరి అంటే మంచు. మాకు ఫిబ్రవరి అంటే శివరాత్రి, ఇంక ఎండ మొదలైనట్టే. ఇక్కడి నర్సరీవాళ్లు వానలు వెనకబట్టినాక అక్టోబరులో కత్తెర పెడతారు. ఆ మాట చెప్పబోతే సారు పుస్తకం తెరిచి బొమ్మ చూపించినాడు. బొమ్మకు ఎదురు చెప్పేదెట్లా? కత్తిరించినాడు. ఉగాది దాటినాక మొగ్గ వచ్చింది. పొద్దున ఏడింటికి విచ్చుకుంది, సారు ఫోటో తీసుకున్నాడు, పన్నెండింటికి వేయించిన వడియమైంది.

ఇక నీళ్లు. మా బోర్లు వెయ్యి అడుగులు దాటి చాలా రోజులైంది. ఆ లోతు నుంచి వచ్చే సున్నపు నీళ్లకు జెకిలమ్మ ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలినాయి. మట్టిలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేని స్థితి అది. సారు ఇనుము మందు కొన్నాడు, దానికి ఇంకో ఆరువందలు. మా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి దిగింది. జెకిలమ్మ దప్పిక తీర్చాలంటే మేమూ ఆ దారే పట్టాలేమో.

కేజీఎఫ్ అంటే గుర్తొచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి గనులు తవ్వి, దొరల బంగళాలు, క్లబ్బు, తోటలు పెట్టి దాన్ని 'చిన్న ఇంగ్లండు' చేసింది. ఆ దొరసానులకు బేతమంగలం చెరువు నీళ్లు గొట్టాల్లో వచ్చేవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాయి. దొరలు అంతకుముందే పోయినారు, బంగారం పోయింది, సయనైడు దిబ్బలు మిగిలినాయి. దొరసాని తోట మీద మోజు మాత్రం మెల్లగా వేమగల్ దాకా పాకింది.

అసలు తమాషా ఇంకోటి ఉంది. యూరప్ పాత రోజాలు చాలావరకు ఏడాదికి ఒకసారి పూసేవే. మళ్లీ మళ్లీ పూసే గుణం 18వ శతాబ్దం చివర్లో చైనా రోజాలతో అక్కడికి చేరింది. వాటిలో కొన్ని కలకత్తా మీదుగా ఓడలెక్కినాయి, అందుకే ఫ్రెంచివాళ్లు వాటిని బెంగాల్ రోజాలన్నారు. ఆస్టిన్ రోజాల్లోనూ ఆ రక్తమే ఉంది. మన వైపు నుంచి కాపురానికి పోయిన పిల్లకు దొరసాని పేరు పెట్టి, మనమే ఎదురు కట్నమిచ్చి తెచ్చుకున్నట్టుంది సారు బేరం.

వేడి దేశానికి వేడి దేశపు రోజా కావాలని తలబద్దలు కొట్టుకున్నవాళ్లు లేకపోలేదు. ఆంధ్రలో ఐ.ఏ.ఎస్. ఉద్యోగం చేసి, అది వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడ్డ ఎం.ఎస్. వీరరాఘవన్, భార్య గిరిజతో కలిసి దశాబ్దాలు అదే పని చేసినారు. మణిపూర్ కొండల్లోని రోజా జైగాంటియాను, మన తడినేలల్లో పెరిగే రోజా క్లైనోఫిల్లాను పట్టుకుని కొత్త సంకరాలు తీసినారు. మా లేఅవుట్‌లో ఆయన పేరు ఎవరికీ తెలీదు. జీకిల్ పేరు ఆరుగురికి తెలుసు, ఆరు రకాలుగా. ఇక చిక్కబళ్లాపురం వైపు రైతులు కిలోల లెక్కన తూచి అమ్మే మిరాబుల్ రోజా సంగతి ఎత్తితే, "అది దండలకు అప్పా, గార్డెన్‌కు కాదు" అంటాడు సారు.

వానలు పడినాక జెకిలమ్మ మొదట్లోంచి ఒక కొమ్మ పుట్టింది. నెల తిరక్కుండా గోడ దాటింది. నున్నటి కొమ్మ, లేత పచ్చ ఆకులు, ఒక్కో ఈనెకు ఏడేడు. సారు ఆనందం చెప్పనలవి కాదు. ఫోటో వాట్సాప్ గ్రూపులో పెడితే "సూపర్ సార్" అని చేతులు జోడించిన బొమ్మలు కురిసినాయి. ఒక్క మొగ్గ లేదేమని ఎవరో అడిగితే, ఇంగ్లీషు రోజా కుదురుకోవడానికి మూడేళ్లు పడుతుందన్నాడు.

అవ్వ బిందె దించి, చెట్టు మొదలు దగ్గర కూచుని మట్టి గీకి చూసింది. "సామీ, జెకిలమ్మ పోయి నెలాయ. ఇది అంటుకట్టిన కింది మొద్దు."

సారు ఇంకా నమ్మలేదు. మీ ఇంట్లోనూ ఒక జెకిలమ్మ ఉంటే, మొదట్లో అంటుముడి ఎక్కడుందో చూడండి. కొమ్మ ముడి కింద నుంచి వచ్చిందంటే మొదలంటా పీకేయండి. ముడి పైన ఏమీ మిగల్లేదంటే చీటీ విప్పి బీరువాలో దాచుకోండి, పదహారు వందలు ఇచ్చింది దానికే.