సూపర్ బిల్టప్ హిమాలయం

సికింద్రాబాద్‌లో పెళ్ళయిన దంపతులను చుట్టాలు అడిగే ప్రశ్నలు రెండయ్యాయి. "పిల్లలెప్పుడు?" అన్నది పాతది. "లద్దాఖ్ ఎప్పుడు?" అన్నది కొత్తది. మొదటిదానికి ఓ నవ్వు నవ్వి తప్పించుకోవచ్చు. రెండోదానికి నెల చెప్పాలి, సెలవు చెప్పాలి, మనాలి మీదుగానా శ్రీనగర్ మీదుగానా తేల్చి చెప్పాలి. బుల్లెట్ బండి మీద వెళ్తారా అని మాత్రం ఎవరూ అడగరు, అది పెళ్ళిలో తాళి లాంటిది.

మా కాలనీ జంట ఒకటి మొన్న వెళ్ళొచ్చింది. వాళ్ళ సాహసయాత్రలో మొదటి మజిలీ సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసు. బండిని రైలెక్కించాలంటే ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండకూడదు. "పూరా ఖాళీ చెయ్యాలె సార్, ఊపితే చప్పుడు రావొద్దు," అన్నాడు ప్యాకింగ్ చేసే అతను. ఆయన పైపు పీకి సీసాలో పెట్రోలు పడుతుంటే, ఆవిడ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వీడియో తీసింది. తర్వాత అద్దాలకు అట్టముక్కలు, హ్యాండిల్‌కు గోనెసంచి, అన్నిటికీ కలిపి పురికొస. హిమాలయాలను జయించబోయే బండి ఆ సాయంత్రం మూతి కట్టేసిన గంగిరెద్దులా పార్సిళ్ళ మధ్య నిలబడింది. ఢిల్లీ దాకా అది రైల్లో పోయింది, వీళ్ళు విమానంలో పోయారు. ఫొటోల కింద మాత్రం "సికింద్రాబాద్ టు లద్దాఖ్ బై రోడ్" అనే ఉంది.

దీన్ని అబద్ధం అనకండి. కొలతల్లో కాస్త ఉదారంగా ఉండటం ఆ దారికే అలవాటు. ఖార్దుంగ్‌లా కనుమ మీద ఏళ్ళ తరబడి 18,380 అడుగులని బోర్డు ఉండేది. జీపీఎస్ పెట్టి కొలిస్తే తేలింది దాదాపు 17,582. మిగతా ఎనిమిది వందల అడుగులు ఏమయ్యాయని ఉత్తరాదివాళ్ళు వాదించుకుంటారేమో గానీ, మనకు వెంటనే అర్థమైపోతుంది. ఫ్లాటు కొన్నవాళ్ళం కదా. అది కామన్ ఏరియా. మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది అన్నీ కలిపి సూపర్ బిల్టప్ లెక్కన రాశారు.

బయల్దేరే ముందు సామాన్ల దగ్గర ఇద్దరికీ చిన్న యుద్ధం జరిగింది. ఆయన రాణీగంజ్‌లో స్పేర్ ట్యూబులు, క్లచ్ కేబుళ్ళు కొన్నాడు. ఆవిడ ఆవకాయ, కందిపొడితో పాటు మూడు లీటర్ల కుక్కరు తెచ్చింది. "ఏవండీ, ట్యూబులు తీసేయండి, కుక్కరు పట్టట్లేదు." ఆయన నవ్వాడు. కానీ పాంగాంగ్ సరస్సు దాదాపు 14 వేల అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తులో నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మూత లేని గిన్నెలో కందిపప్పు తెల్లారేదాకా ఉంచినా ఉడకదు. ఆ యాత్ర మొత్తంలో భౌతికశాస్త్రం తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

మనాలి నుంచి లేహ్ పోయే దారిలో గాటా లూప్స్ అని 21 మలుపులుంటాయి. ఎప్పుడో అక్కడ చనిపోయిన లారీ క్లీనరు దాహంతో తిరుగుతున్నాడని నమ్మకం. దారిన పోయేవాళ్ళు నీళ్ళ సీసాలు సమర్పించుకుంటారు. మనవాళ్ళూ సమర్పించారు. దయ్యం నీళ్ళు తాగుతుందో లేదో గానీ ప్లాస్టిక్ మాత్రం తినడం లేదు. అక్కడ కొండలా పేరుకుపోయింది.

ఇక పాంగాంగ్. 134 కిలోమీటర్ల పొడవు, అందులో చాలా భాగం చైనా చేతిలోనే ఉంది. మన వైపు ఉన్నదాంట్లో ఎక్కువ భాగం 2009లో వచ్చిన ఓ హిందీ సినిమా చేతిలో ఉంది. ఆ సినిమాలోలాంటి పసుపుపచ్చ స్కూటరెక్కి ఫొటో దిగడానికి డబ్బు కట్టి వరసలో నిలబడాలి. సొంత బుల్లెట్‌ను అంతదూరం పార్సిల్ చేయించుకుని, చివరికి అద్దె స్కూటర్ మీద ఫొటో దిగారు. నీటి రంగు గంటగంటకూ మారుతుందని ఆవిడ మురిసిపోయింది. మా కాప్రా చెరువూ మారుతుంది. గుర్రపుడెక్క కమ్మితే పచ్చన, తీసేస్తే నలుపు.

ఒడ్డున డేరాలో రాత్రి బస, వేలల్లో అద్దె. నాకు నవ్వొచ్చింది ఇక్కడే. మన ఊరు పుట్టిందే అలా. 1798 ఒప్పందం తర్వాత ఇంగ్లీషు పటాలం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేసింది. 1806లో ఆ దండుకు నిజాం సికందర్ జా పేరు పెట్టారు. 1560ల నాటి చెరువు, చుట్టూ గుట్టలు, ఒడ్డున గుడారాలు: ఇప్పటి ప్యాకేజీ టూరుకు కావలసినవన్నీ ఉన్నాయి, ఫొటో దిగడానికి స్కూటర్ ఒక్కటే తక్కువ.

గుట్టల మాటకొస్తే, హిమాలయాలు లేవడం మొదలై దాదాపు 5 కోట్ల ఏళ్ళు. మన మౌలాలి గుట్ట రాయికి దాదాపు 250 కోట్ల ఏళ్ళు. పెద్దరికాన్ని బట్టి దండం పెట్టాల్సి వస్తే ఎవరెస్టే వచ్చి మౌలాలి కాళ్ళకు మొక్కాలి. పైన దర్గా ఉంది కాబట్టి మౌలాలి మిగిలింది. గుడో దర్గానో లేని గుట్టలు చాలామటుకు కంకరై మన గోడల్లోకి వచ్చేశాయి. పేల్చేసిన గుట్ట పేరు అక్కడ కట్టిన వెంచర్‌కు పెట్టడం మనం సంతాపం పాటించే పద్ధతి. మా జంట ఫ్లాటు ఉన్న అపార్ట్‌మెంట్ పేరులోనూ 'లేక్ వ్యూ' ఉంది. కొన్నప్పుడు బాల్కనీలోంచి చెరువు కనపడేది. ఇప్పుడు ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళ వంటిల్లు కనపడుతుంది.

అసలు సాహసం లేహ్‌కు తిరిగొచ్చిన రాత్రి జరిగింది. అంతవరకూ సిగ్నల్ లేదు. ఫోన్ ప్రాణం పోసుకోగానే కాలనీ వాట్సాప్ గ్రూపు మీద పడింది: "మన చెరువు ఎఫ్‌టీఎల్ మళ్ళీ కొలుస్తారట." 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు), బఫర్ జోన్ అన్నవి ఇక్కడ పాలబ్బాయికి కూడా తెలిసిన మాటలు. కనుమ మీద వేలికి పెట్టుకున్న ఆక్సిమీటర్ 78 చూపిస్తే బెదరని ఆయనకు అప్పుడు ఊపిరాడలేదు. ఆవిడ ఆక్సిజన్ డబ్బా అందించి, పక్కన కూర్చుని ఫోన్‌లో చెరువు మ్యాపు పెద్దది చేసింది. "మన బ్లాకు గీతకు ఇవతలే ఉందండీ," అంది. కాసేపాగి, "పార్కింగే కొంచెం అవతల ఉంది."

తిరిగొచ్చాక క్లబ్‌హౌస్‌లో తెర కట్టి ఫొటోలు చూపించారు. మంచు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. పాంగాంగ్ బొమ్మ రాగానే హాలంతా నిశ్శబ్దం. అంత నీలం, అంత ఖాళీ, కనుచూపు మేరలో ఒక్క కట్టడం లేదు. ముందు వరసలోంచి ఓ రిటైర్డ్ పెద్దమనిషి చెయ్యెత్తాడు.

"బాబూ, అక్కడ గజమెంత పలుకుతోంది?"

ఆయన ఏం చెప్పాలో తోచక భార్య వంక చూస్తుండగా, వెనక వరసలోంచి ఇంకొకాయన సర్దిచెప్పాడు.

"ఇప్పుడే తొందరెందుకండీ. హైడ్రా అక్కడిదాకా రాదని కాగితం మీద రాసిస్తే అప్పుడు చూద్దాం."