పెద్ద బావగారికీ చిన్న బావగారికీ మధ్య ఒక కామా

తోటి గృహస్థులారా! ధరల సంగతి, రోడ్ల సంగతి, రూపాయి సంగతి పార్లమెంటు చూసుకుంటుంది. ఒకే గృహప్రవేశం పిలుపును ఇద్దరు బావగార్లకు, వియ్యాలవారికి, ఒక పినమామగారికి, ఆయనతో మాటల్లేని ఆయన తమ్ముడికి, డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి ఒకే దెబ్బలో, ఎవరి మొహమూ మాడకుండా పంపడమెలాగన్న మహా సమస్యను మాత్రం ఇంతవరకు ఏ సభలోనూ లేవనెత్తినవారు లేరు. తోంగ్‌పాల్ నుంచి నేను లేవనెత్తుతున్నాను. పడక్కుర్చీలోంచే.

తోంగ్‌పాల్ ఎక్కడంటారా? విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి జగదల్‌పూర్ వచ్చే రోడ్డు మీద భద్రాచలం, చింతూరు, కోంట, సుక్మా అన్నీ దాటాక, దర్భా ఘాట్ ఇంకా ఎక్కకముందు. మా ఊరు అంగుళం కదల్లేదు. అయినా 1998లో దంతెవాడ జిల్లాకు, 2000లో మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు, 2012లో సుక్మా జిల్లాకు కాపురం మార్చింది. చింతూరులో చిన్న బావగారి గతీ అంతే. గుమ్మం దిగకుండానే 2014లో ఖమ్మం నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్ళారు. భద్రాచలం పెద్ద బావగారొక్కరే ఉన్నచోట ఉన్నారనుకుంటే, ఆయన జిల్లా పేరూ మారింది. శుభలేఖ కవరు మీద చిరునామా రాయబోతే కొట్టివేతలకే చోటు చాలదు. కనుక ఈమెయిల్.

వాట్సాప్ ఉండగా ఇదేం ఖర్మ అంటారని తెలుసు. వాట్సాప్‌లో పిలిస్తే పిలిచినట్టు కాదని పెద్ద బావగారి ధర్మశాస్త్రం. ఈమెయిల్ అయితే ఉత్తరం కింద లెక్కట. పైగా అందులో నిల్చిపోతుందట, రేపెప్పుడైనా తీసి చూపించడానికి.

ఇక్కడి సిగ్నల్‌కు మెయిలు పేజీ తెరుచుకోవాలంటే ఆ గుండ్రటి చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, కాఫీ చల్లారుతుంది, చక్రం మాత్రం అలాగే తిరుగుతుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడు సెలవులకు వచ్చి, నా పాత లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించి, "మావయ్యా, నల్లతెర మీద ఆజ్ఞ కొడితే చాలు, బొమ్మల బరువుండదు, ఉత్తరం రివ్వున పోతుంది" అని అభయమిచ్చాడు. మీ ఇంట్లోనూ ఇలాంటి మేనల్లుడు ఒకడు ఉండే ఉంటాడు. అభయమిచ్చి బస్సెక్కేస్తాడు.

ఆజ్ఞ చిన్నదే. మెయిల్ అని కొట్టాలి, హైఫన్ ఎస్ పెట్టాలి, విషయాన్ని కొటేషన్లలో ఇరికించాలి, ఆపైన చిరునామాలు వరసగా పేర్చాలి. మధ్యలో ఖాళీ వదిలేదొక రకం, కామా అడిగేదొక రకం. ఉత్తరం ముగించాలంటే కంట్రోలూ డీ కలిపి నొక్కాలి. "ఇట్లు, తమ రాక కోరు" అంటే దానికి ముగింపు కాదు. లోపల ఏమీ రాయకుండా వదిలితే, ఉత్తరం ఖాళీగా ఉంది, పరవాలేదనుకుంటా అని గొణుగుతుంది. గొణిగి పంపేస్తుంది.

శుభలేఖ పీడీఎఫ్ జోడించడం ఇంకో కురుక్షేత్రం. ఒక మెయిల్‌లో చిన్న ఏ అంటే జోడింపు. గ్నూ వారి మెయిల్‌లో చిన్న ఏ అంటే ఉత్తరం తలకట్టులో ఒక వరస చేర్చమని, జోడింపుకు పెద్ద ఏ కావాలి. మట్ అనే మరొకదాంట్లో మళ్ళీ చిన్న ఏ చాలు గానీ, ఫైలు పేరు తర్వాత రెండు హైఫన్లు పెట్టకపోతే వెనకున్న చిరునామాలను కూడా ఫైళ్ళే అనుకుంటుంది. అంటే చిన్న బావగారిని పీడీఎఫ్‌గా భావించి, డిస్కంతా వెతికి, అలాంటివారెవరూ లేరని తేల్చేస్తుంది. అంత మాట మేం కూడా ఎన్నడూ అనలేదు.

అసలు గండం పేర్ల వరసలో ఉంది. ఎదురుగా 'టూ'లో వేస్తే ఎవరి పేరు ముందుందో అందరికీ కనిపిస్తుంది. 'సీసీ'లో వేస్తే రెండో బంతిలో కూర్చోబెట్టినట్టు. 'బీసీసీ'లో దాస్తే, నా పేరు చెప్పుకోవడానికి సిగ్గా అంటారు. విచిత్రమేమంటే మోసుకెళ్ళే యంత్రానికి ఈ తలకట్టుతో పనే లేదు. అది కవరు మీద ఒక్కొక్క చిరునామా విడిగా రాసుకుంటుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన మెయిలు నియమావళి ఆర్ఎఫ్‌సీ 821 ఉత్తరానికి నూరు మంది గ్రహీతలను భరించమంది. ధృతరాష్ట్రుడు కొడుకులందరికీ ఒక్కసారే రాసుకోవచ్చు. దుస్సల అలిగితే ఆర్ఎఫ్‌సీ పూచీ లేదు.

ఇది నా ఒక్కడి గోడు అనుకోకండి. 1978 మే 3న డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో అమ్మకాలు చూసే గ్యారీ థర్క్, కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఆనాటి కంప్యూటర్ నెట్‌వర్కు అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే పిలుపు పంపాడు. చిరునామాలు తలకట్టులో పట్టక ఉత్తరంలోకి పొంగిపోయాయి. రమ్మన్న మాట చదవాలంటే ముందు ఊరి జాబితా చదవాలి. తిట్లు పడ్డాయి, తొలి స్పామ్ అన్న కీర్తి దక్కింది. అదృష్టవంతుడు, ఆ నాలుగు వందల్లో బావగార్లు లేరు.

నా మొర విని మేనల్లుడు ఫోన్లోనే ఉపాయం చెప్పాడు. చిరునామాలన్నీ ఒక ఫైల్లో వరసకొకటి రాసి, వాటిని ఒక్కొక్కటే తీసి విడిగా పంపే చిన్న లూపు. ఎవరి ఉత్తరం వారిదే, ఎవరి పేరు వారికే. పొందిక కోసమని ఆ ఫైలును సార్ట్ కూడా చేయించాడు. మధ్యలో మెయిలు సంస్థవారు నా పాస్‌వర్డ్ చాలదని పదహారు అక్షరాల ఇంకోటి పుట్టించమనడం, దానికి ఓటీపీ రావడం, ఓటీపీకి సిగ్నల్ కోసం నేను డాబా ఎక్కడం అవన్నీ వేరే పురాణం. మొత్తానికి పోయాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం, సాయంత్రం దాకా.

సాయంత్రం భద్రాచలం నుంచి ఫోను. ప్రతి ఈమెయిలు నెత్తినా తేదీ, గంట, నిమిషం, ఆఖరికి సెకను కూడా ఉంటాయని మీకు తెలుసా? పెద్ద బావగారికి తెలుసు. తమ్ముడి ఉత్తరం తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశారట. చిన్నవాడికి మూడు సెకన్లు ముందు వెళ్ళింది. ఫైల్లో రాసుకున్నది 'చిన్నబావ', 'పెద్దబావ' అని. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా తెలుగులో రాసినా చ ముందు, ప తర్వాత. ఈ ముక్క చెప్పబోతే, "నువ్వు చెప్పకు, కంప్యూటరే చెప్పింది" అన్నారు. కోర్టులో కూడా వాయిదా ఉంటుంది.

ఇప్పుడు మా ఇంటావిడ తీర్పు: కుంకుమ భరిణె పట్టుకుని, బస్సెక్కి, స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి, పెద్దవారిని ముందు. నాకూ సబబుగానే తోచింది. బయల్దేరబోతూ దారి గుర్తు చేసుకున్నాను. సుక్మా, కోంట, ఆ తర్వాత చింతూరు. భద్రాచలం దానికవతల.