మావగారి బ్లాక్ సెక్షన్

అంతరిక్ష యుద్ధాల నవలలు ఒకటితో ఆగవు. రెండు గ్రహాలూ, నాలుగు వంశాలూ, ఒక పాత పగా పరిచయమయ్యేసరికే మొదటి భాగం అయిపోతుంది. ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’ పుస్తకాలు మూడు 1951, 52, 53ల్లో వరసగా వచ్చాయి. నాలుగోది వచ్చింది 1982లో. ఈలోగా మొదటిది చదివిన కుర్రాళ్లు తమ పిల్లలకి సంబంధాలు చూసుకుంటున్నారు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో ‘డ్యూన్’ తెచ్చి, ఆ వరసలో ఆరు నవలలు రాసి 1986లో పోయాడు. తర్వాత కొడుకు ఇంకో రచయితని తోడు తెచ్చుకుని బండి నడిపించాడు. ఇది విని మా మావగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“కంపాషనేట్ గ్రౌండ్ కేసన్నమాట” అన్నారు.

మావగారు రైల్వే గార్డుగా రిటైరయ్యారు. 2022లో గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. ఆ గౌరవం తనకి అందలేదన్న బాధ ఆయనకి బొత్తిగా లేదు. మేముండేది ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురాలో. పేరుకి పశ్చిమ బెంగాల్. వీధిలో మాత్రం బెంగాలీ రాకపోయినా రోజు గడిచిపోతుంది. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ కట్టాక, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన జనం తిరుగు టిక్కెట్టు కొనడం మర్చిపోయారు. మావగారి తాత వాళ్లలో ఒకడు. నేను మాత్రం పలాస నుంచి కోడలిగా వచ్చాను, పెట్టెడు నవలలతో. పెట్టె తెరిచినప్పుడు మా అత్తయ్యగారు “వంటల పుస్తకాలా అమ్మా?” అని ఎంతో ఆశగా అడిగారు.

రిటైరైన గార్డుకి రాత్రి నిద్ర పట్టదు. ఒళ్లంతా నైట్ డ్యూటీకి అలవాటుపడిపోయింది. యార్డులో షంటింగ్ చప్పుడు వింటూ వరండాలో కూర్చుంటారు. నేనూ అక్కడే కూర్చుని చదువుకునేదాన్ని. “ఏటమ్మా ఆ కథ?” అని ఒకరోజు అడిగారు. ‘డ్యూన్’ చెప్పాను. ఎడారి గ్రహం, అక్కడ మాత్రమే దొరికే ఒక మసాలా. నక్షత్రాల మధ్య ప్రయాణమంతా గిల్డ్ అనే ఒక్క సంస్థ గుప్పిట్లో ఉంటుంది, చక్రవర్తయినా వాళ్ల ఓడ ఎక్కాల్సిందే.

“ప్రైవేటువాళ్లని రానివ్వలేదా?”

“లేదు మావయ్యగారూ.”

“గట్టి యూనియన్ ఉండుంటుంది” అన్నారు, చాలా తృప్తిగా.

ఫౌండేషన్ ఆయనకి అంతగా పట్టలేదు. గెలాక్సీ సామ్రాజ్యం కూలిపోతుందని హారీ సెల్డన్ అనే లెక్కల పండితుడు ముందే కనిపెడతాడు. సామ్రాజ్యం కూలడమంటే ఏమిటో మావగారికి లెక్కలతో చెప్పక్కర్లేదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైనది. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో మా ఊరికి శాశ్వత సభ్యత్వం ఉండేది. 2013లో గోరఖ్‌పూర్ వాళ్లు 1366 మీటర్లు కట్టుకున్నారు. 2023లో హుబ్బళ్లి వాళ్లు 1507 మీటర్లతో వాళ్లనీ దించేశారు. ఆ రెండో వార్త వచ్చిన రోజు మావగారు మిఠాయి తెచ్చారు. గోరఖ్‌పూర్ పతనం ఆయన కళ్లారా చూశారు కదా.

అసలు జబ్బు అంటుకున్నది ‘ఎక్స్‌పాన్స్’తో. జేమ్స్ ఎస్. ఏ. కోరీ అని అట్ట మీద ఒక్క పేరే ఉంటుంది గానీ రాసేది ఇద్దరు. 2011 నుంచి 2021 దాకా తొమ్మిది నవలలు. అందులో భూమివాళ్లు, అంగారకుడివాళ్లు కాక, గ్రహశకలాల మధ్య పుట్టి పెరిగిన బెల్టువాళ్లని మూడో జాతి ఉంటుంది. వాళ్ల పూర్వీకులు పనికోసం పోయినవాళ్లు. మంచు మోయడం, గనులు తవ్వడం, ఓడలు బాగుచేయడం వాళ్ల వంతు. పెత్తనం పైవాళ్లది. నానా భాషలూ కలిసిపోయిన ఒక యాస మాట్లాడతారు. అంతరిక్షంలో తొడుక్కునే సూట్లలో తల ఊపినా అవతలివాడికి కనబడదు కాబట్టి చేతులతోనే సైగలు చేస్తారు, ఆ అలవాటు సూటు విప్పినా పోదు.

ఇది చదువుతూ తల ఎత్తితే ఎదురుగా మావగారు అన్నం తింటున్నారు. అత్తయ్యగారు ఇంకో గరిటె వెయ్యబోతే రెండు చేతులూ తలపైకెత్తారు. జెండా లేనప్పుడు రైల్వేలో దానికి అర్థం డేంజర్, బండి ఆపమని. వీధిలో ఎవరో కుర్రాడు “ఓ దాదా, ఎక్టూ జరుగు, సైకిల్ పెట్టాల” అంటున్నాడు. ఒక్క ముక్కలో రెండు భాషలు, రెండూ వాడి సొంతమే. నేను వచ్చింది నిమ్‌పురాకి కాదు, బెల్టుకి. భూమి పిల్లని నేనే.

ఆ తర్వాత పుస్తకాలు ఆయనే తీసుకున్నారు. ఇంగ్లీషు నెమ్మదిగా, వేలు పెట్టి, వర్కింగ్ రూల్స్ పుస్తకం చదివినట్టే చదివారు. వరసలో కొన్ని భాగాలు లేవు. కోల్‌కతా కాలేజీ స్ట్రీట్‌లో పాత పుస్తకాలకి వెళ్తే మూడోదీ ఐదోదీ దొరుకుతాయి, మొదటిదెప్పుడూ దొరకదు. మొదటి భాగం కొన్నవాళ్లెవరూ దాన్ని అమ్ముకోరనుకుంటా, రెండోదాని దగ్గర మనసు విరుగుతుంది. ఒకసారి అక్కడ ఒక బెంగాలీ పెద్దాయన నా చేతిలో పుస్తకం చూసి, ఇలాంటివి మావాళ్లు 1896లోనే రాశారన్నాడు. నిజమే. జగదీశ్ చంద్ర బోస్ ఒక తలనూనె కంపెనీ పోటీకి కథ రాశాడు, అందులో సముద్రపు తుఫాను ఆ నూనెతోనే చల్లారుతుంది. బహుమతి ఎవరికొచ్చిందో వేరే చెప్పాలా.

ఏడో భాగంలో మావగారికి స్వర్గం కనబడింది. వెయ్యికి పైగా లోకాలకి దారితీసే ద్వారాలన్నీ ఒక్కచోట కలుస్తాయి. ఒకేసారి ఎక్కువ ఓడలు దూరితే వెనకొచ్చిన ఓడ మాయమైపోతుంది, మరి కనబడదు. అందుకని మధ్యలో మెడీనా అనే స్టేషన్ పెట్టి, ఎవరెప్పుడు దూరాలో అక్కణ్ణించి అనుమతి ఇస్తారు. నడిపేది బెల్టువాళ్ల యూనియనే. రాత్రి పదకొండింటికి మమ్మల్ని లేపారు.

“అమ్మాయ్, ఇది అబ్సొల్యూట్ బ్లాక్! ముందు బండి సెక్షన్ దాటిందని తెలిస్తేనే రెండోదానికి లైన్ క్లియర్! దీన్ని వీళ్లేదో కొత్తగా కనిపెట్టినట్టు రాశారేటి?”

2017లో ఖరగ్‌పూర్‌లో 800 రూట్లతో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టినప్పుడు బళ్లెన్ని రద్దయ్యాయో, ఎవరెవరు నిద్రలేకుండా పనిచేశారో తెల్లారేదాకా చెప్పారు. మెడీనాలో రిలీఫ్ డ్యూటీ ఎవరిదో, చార్జి అప్పగించేటప్పుడు రిజిస్టర్‌లో ఎవరు సంతకం పెడతారో రచయితలు ఎక్కడా రాయలేదని ఆయనకి పెద్ద ఫిర్యాదు. ఓడలు మాయమైపోతున్నాయంటే ఆయన లెక్కలో కారణం అదే.

పలాసలో మా చెల్లెలి పెళ్లికి వెళ్లినప్పుడు మావారి తెలుగు విని చిన్నపిల్లలు నవ్వారు. ఇక్కడ మేం తెలుగువాళ్లం, అక్కడికెళ్తే ఖరగ్‌పూరోళ్లం. మావారు చిన్నబుచ్చుకున్నారు. మావగారు మాత్రం “భూమ్మీద గ్రావిటీ ఎక్కువరా, మనకి పడదు” అని కొడుకుని ఓదార్చారు. వియ్యాలవారికి అర్థంకాక ఆయనకి బీపీ అనుకుని ఉప్పు తగ్గించి వడ్డించారు.

తొమ్మిదో భాగం పూర్తిచేసిన రోజు ఎర్ర సిరాతో దాని వెనక అట్ట మీద ‘ఎల్‌వీ’ అని రాశారు. ఆఖరి పెట్టె మీద ఆ బోర్డు కనబడితేనే బండి మొత్తం దాటినట్టు. నేను ఊరుకోకుండా, అదే లోకం గురించిన చిన్న కథలన్నీ కలిపి 2022లో వేసిన సంపుటం తెచ్చి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, తెరవకుండానే తిరిగిచ్చేశారు.

“ఎల్‌వీ తర్వాత పెట్టె తగిలించడానికి ఏ రూల్లో ఉందమ్మా? ముందు ఆ బోర్డు తీసి దీనికి పెట్టు. అప్పుడు చూద్దాం.”