పాముకూ ఏసీ కావాలట!

ఏప్రిల్ వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు సీజన్లు మొదలు. ఒకటి కోచింగ్ అడ్మిషన్లది, రెండోది పాములది. మొదటిదానికి ఫ్లెక్సీలు కడతారు. రెండోదానికి కర్రలు వెతుకుతారు.

పాముకు చెమట పట్టదు. ఒంటి వేడిని తనంతట తాను తగ్గించుకోలేదు. బయట 42 డిగ్రీలు మండుతుంటే నీడకు చేరాలి, లేదా చావాలి. ఒకప్పుడు పుట్ట ఉండేది. బండల సందు ఉండేది. చెరువు గట్టు ఉండేది. ఇప్పుడు గట్టు మీద వెంచర్, పుట్ట మీద సెల్లార్. మరి ఎక్కడికి పోవాలి? మన ఏసీ పైపు కింద పెట్టిన బకెట్ దగ్గరికే! బొట్టుబొట్టుగా నీళ్లు, గోడ వారన తడి, పక్కనే వారం రోజుల చెత్త, దాంట్లో బలిసిన పందికొక్కులు. జెర్రిపోతుకు ఇంతకంటే ఫుల్లీ ఫర్నిష్డ్ ఫ్లాట్ దొరుకుతుందా? అది వచ్చిన దారినే నాగుపామూ వస్తుంది. తొలకరికి దాని పిల్లలు గుడ్లు చీల్చుకొని బయటపడతాయి. నాలా పూడికతీత ఫైలు మాత్రం అప్పటికీ బయటపడదు.

వాతావరణం మారేకొద్దీ మనుషులకూ వన్యప్రాణులకూ గొడవలు ముదురుతున్నాయని 2023లో శాస్త్రవేత్తలు ఆరు ఖండాల ఉదాహరణలతో చెప్పారు. ఎల్బీనగర్‌లో వాచ్‌మన్‌నడిగితే ఉచితంగా చెప్పేవాడు.

హామీలకేం కొదవ? 2015లో మొక్కలు నాటే హరితహారం మొదలెట్టి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఓ నినాదం ఇచ్చారు: వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. రోడ్ల పక్కన మాత్రం కోనోకార్పస్ చెట్టు బారులు తీరింది. కోతి తినడానికి కాయ లేదు, పండు లేదు. తర్వాత సర్కారే దాన్ని వద్దంది. వానలు వాపస్ వచ్చాయి, కాదనను. 2020 అక్టోబర్ 13న ఒక్క రోజే ఎల్బీనగర్ చుట్టుపక్కల 25 సెంటీమీటర్లు దాటి కొట్టింది. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు తామే చెరువులయ్యాయి. కోతులు? అవెక్కడికీ పోలేదు. డాబాల మీద ట్యాంకు మూతలు తీస్తున్నాయి.

ఎల్బీనగర్‌కు కూతవేటు దూరంలో మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటమైదానం, ఇప్పుడు 3,600 ఎకరాల్లో కృష్ణజింకల ఇల్లు. ఓ పక్క జాతీయ రహదారి, మిగతా పక్కల కాలనీలు. లోపల తొట్లలో నీళ్లు నింపితేనే వేసవి గడుస్తుంది. బయట బ్రోచర్లలో మాత్రం ‘అడవి పక్కనే ప్రశాంత జీవనం’! అడవి పక్కన ఉంటానన్నవాడు గేటు దగ్గర నెమలి కనబడితే సెల్ఫీ తీసుకుంటాడు. పాము కనబడితే అసోసియేషన్ గ్రూపులో బూతులు పెడతాడు. అడవి అంటే ఒక్క నెమలేనా సారూ?

తెలంగాణ రాష్ట్ర జంతువు ఏదో తెలుసుగా? జింక. 2025లో ఆ జింకలు తిరిగే కంచ గచ్చిబౌలి అడవిలో బుల్డోజర్లు దింపిందెవరు? అదే రాష్ట్రం. ఆపడానికి సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది.

దేశంలో పాముకాటుకు ఏటా సుమారు 58 వేలమంది పోతున్నారని అంచనా. 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళికకేం, పాము కరవదు కదా! నగరంలో పాములు పట్టేది ఎక్కువగా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు. మరి జీతాలు తీసుకునేవాళ్లు?

2023 జులైలో అల్వాల్‌లో ఒకాయన ఇంట్లోకి పాము దూరింది. జీహెచ్‌ఎంసీకి చెబితే గంటలు గడిచినా ఎవరూ రాలేదు. ఆయన పామును తీసుకెళ్లి వాళ్ల ఆఫీసు బల్ల మీదే వదిలాడు. అంతే, ఫిర్యాదు దేశమంతా పాకింది. ఎల్బీనగర్ వాసులారా, మీకూ ఓ జోనల్ ఆఫీసుంది. అక్కడా ఏసీ చల్లగానే ఉంటుంది.