పీఠం సిద్ధం, కృష్ణుడు ఊళ్ళో లేడు

"ఉదయగిరిలో మ్యూజియమా? పెట్టడానికి అక్కడేముందని?"

పెద్దసారు మొన్న మీటింగులో అన్న ఈ ముక్క మీరూ వినే ఉంటారు. వినగానే ఒళ్ళు మండింది గానీ, పడుకున్నాక అందులోని లోతు తెలిసొచ్చింది. ఏమీ లేకపోవడమే కదా మన అసలు సరుకు! తెల్లారేసరికి ఖాళీ మ్యూజియానికి ప్లాను గీసేశాను.

గుమ్మంలోనే రాతి పీఠం. పైన ఏమీ ఉండదు. "బాలకృష్ణుడు. 1514లో ఉదయగిరి కోట పట్టుకున్న కృష్ణదేవరాయలవారి వెంట హంపీ వెళ్ళాడు. అక్కడ గుడి కూడా కట్టించారు. ప్రస్తుతం మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చేదీ చెప్పిపోలేదు" అని బోర్డు. పక్కన హుండీ. అదొక్కటీ ఖాళీగా ఉండకూడదు.

లోపల రాయలవారి రోడ్డు. గజపతుల చేతిలోని ఈ కోట కోసం ఏడాదిన్నర ముట్టడి వేసి, బండలు పగలగొట్టించి దారి తీయించాడట. పోర్చుగీసు నూనిజ్ రాసిపెట్టాడు. మన గదిలో రోడ్డుండదు, మోకాళ్ళ నొప్పుల తైలం అమ్ముతాం.

గోల్కొండ నాటి పారశీక శాసనం చదివిపెట్టే గైడుకు ఓ కుర్చీ. అదీ ఖాళీయే. దాని పక్కన గుప్తనిధుల వాళ్ళు తవ్విన గుంత. దీన్ని మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేరు. క్యూరేటర్లుగా మేకలు ఎప్పట్నుంచో డ్యూటీలోనే ఉన్నాయి.

సోమశిల డ్యాం గ్యాలరీకి ఖర్చే లేదు. 78 టీఎంసీల నీళ్ళ బీరువా, అడుగున మునిగిపోయిన అట్లూరు, ఒంటిమిట్ట వైపు ఊళ్ళు. (ఆ నీళ్ళు తాగేది మన జిల్లావాళ్ళే లెండి, ఎక్కువ మాట్లాడకూడదు.)

ఇక ఎగతాళి నావల్ల కాదు సారూ. ఓఢ్ర గజపతులు, రాయలు, సుల్తానులు ఒకే కొండమీద వదిలిపోయిన గోడలు మీ కంటికి ఆనలేదా? అసలు ఎప్పుడైనా కొండెక్కారా? పట్టుకుపోయేవాళ్ళు పట్టుకుపోయారు, తవ్వేవాళ్ళు తవ్వుతున్నారు, కాపలా పెట్టాల్సినవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. అంతా అయ్యాక ఏముందని మమ్మల్నా అడిగేది?

ఆ మీటింగులోనే శాలువా కప్పి మీ చేతిలో ఓ పెట్టె పెట్టారు. అందులో ఉదయగిరి చెక్క స్పూన్లున్నాయి. భౌగోళిక గుర్తింపు ఇచ్చింది మీ ప్రభుత్వాలే. నర్ది, బిక్కి కర్ర తెచ్చి, చెక్కి, నున్నగా అరగదీసిన ముస్లిం ఆడబిడ్డలు ఆ కొండ కిందే ఉన్నారు, మీ కారు పోయిన దారిలోనే. ఇంటికెళ్ళాక పెట్టె తెరిచి ఒక స్పూను చేతిలోకి తీసుకోండి. పిడి చివర చిన్న పువ్వుంటుంది.