రెండంగుళాల గొప్ప

డిఫరెన్షియల్ నేలకి ఎంత ఎత్తులో ఉందో ముందే టేపు పెట్టి చూసుకుని ఉంటే నాకు పాతికవేలు మిగిలేవి. టేపు ఇంట్లోనే ఉంది. తీసే తీరిక లేక కాదు. కొలిస్తే ఉత్సాహం చచ్చిపోతుందని లోపల ఎక్కడో తెలిసే ఉంటుంది.

నాది పాత మారుతి జిప్సీ. 1985లో వచ్చి, 2019కల్లా మామూలు జనానికి అమ్మకం ఆగిపోయిన జాతి. నాది అందులో తర్వాత వచ్చిన రకం, పదమూడు వందల సీసీ ఇంజినుది. టన్నుకి కాస్త తక్కువ బరువు, ముందూ వెనకా గట్టి యాక్సిళ్ళు, నాలుగు మూలలా కమాన్ కట్టలు. ఎక్కడికైనా పోతుంది, కానీ పోయినవాడి నడుము మాత్రం వెంట రాదు. రాబర్ట్‌సన్‌పేటలో ఎక్కి బేతమంగళంలో దిగేసరికి మా అమ్మ "నడిచొచ్చినా ఇంతకన్నా సుఖంగా ఉండునే" అనేది. వెనక ఎదురుబొదురు సీట్లలో కూర్చుని అన్నమాట కాబట్టి కాదనే ధైర్యం నాకు లేదు.

సస్పెన్షన్ మార్చాలనుకోవడంలో తప్పు లేదు. నాకు కావలసిందేమిటి? శ్రీనివాసపురం దగ్గర మా మామగారి మామిడితోటకి ఎండాకాలంలో పోయి రావాలి. దారి చివర చెరువు కట్ట, అది దిగితే రాళ్ళు తేలిన బండిబాట. వచ్చేటప్పుడు వెనక కాయల ట్రేలు, వాటి పక్కన మా అమ్మ. ఇంతే. దీనికి కావలసింది మెత్తగా కదిలే కమాన్లు. నేను కొన్నది ఎత్తు.

ఎందుకంటే ఎత్తు కంటికి కనబడుతుంది. మెత్తదనం ఫొటోలో పడదు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. 2018 చివర్లో 'కేజీఎఫ్' సినిమా వచ్చాక, అదే పేరున్న మా బంగారు గనుల ఊళ్ళో సైనైడ్ దిబ్బలకి కొత్త కళ వచ్చింది. సెలవురోజు వస్తే బెంగళూరు నుంచి పొడుగాటి బళ్ళు దిగేవి. లావు టైర్లు, రంగు షాక్ అబ్జార్బర్లు. ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, నా బండి వాటి పక్కన కుదించుకుపోయినట్టు కనిపించేది. మామిడితోట అన్నది ఇంట్లో చెప్పడానికి. మనసు దిబ్బల మీదే ఉంది.

ఎత్తు పెంచే విదేశీ కిట్ ధర అడిగితే లక్ష దాటింది. అప్పుడైనా మానుకోవచ్చు. మానుకోకుండా తెలివి ఉపయోగించాను. విడివిడిగా కొనుక్కుని నా కిట్ నేనే తయారుచేసుకుంటానన్నాను. కమాన్ కట్ట చివర్ని ఛాసీకి వేలాడదీసే షాకిళ్ళని వెల్డింగు షాపులో పొడుగ్గా చేయించాను. వెనక కట్టకి ఒక ఆకు అదనంగా వేయించాను. మిగిలిన డబ్బుతో ఎర్రరంగు షాకులు, అంతకంతా బరువైన బండికి చేసినవి. బిగించిన మెకానిక్కు "నీ ఇష్టం సార్" అన్నాడు. మెకానిక్కు ఆ మాట అంటే ఏమిటో ఇన్నేళ్ళు బండి నడిపినవాడికి తెలియాలి.

షాకు బరువు మొయ్యదు. మోసేది కమాను. కమాను ఊగుతుంటే ఆ ఊపుని నూనెలో వేడిగా మార్చి చంపడమే షాకు పని. తేలిక బండికి బరువు బండి షాకు వేస్తే కమాను కదలకముందే దాని గొంతు పట్టుకుంటుంది. ఇది నాకు తెలియదా? తెలుసు. పదిమందికి చెప్పినవాణ్ణి కూడా. కానీ ఆ ఎరుపు!

బండి రెండంగుళాలు లేచింది. నేరుగా దిబ్బల దగ్గరికి పట్టుకుపోయాను.

ఆ దిబ్బలేమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. గనిలోంచి తెచ్చిన రాయిని మిల్లులో పిండి కొట్టి, సైనైడ్ నీళ్ళతో బంగారం లాగేసి, మిగిలిన బూడిదరంగు మట్టిని నూరేళ్ళకు పైగా ఊరిపక్కనే పోశారు. మూడు కోట్ల టన్నులకు పైగా ఉందంటారు. రాయి అన్న పేరే గానీ ముట్టుకుంటే పౌడరు. వానలకి నిలువునా కోసుకుపోయి గాడులు పడి ఉంటుంది. దూరం నుంచి చూస్తే గట్టినేలే అనిపిస్తుంది.

పైకెక్కే మలుపులోనే చక్రాలు దిగబడ్డాయి. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ దిగాయి. దిగి కింద వంగి చూస్తే, వెనక యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ బుడిపె హాయిగా మట్టిమీద కూర్చుని ఉంది. దానిపైన ఛాసీ మాత్రం ఎప్పటికన్నా రెండంగుళాలు ఎత్తులో, గాలాడుతూ ఉంది. టేపు గుర్తొచ్చింది అక్కడే. గట్టి యాక్సిల్ బండిలో షాకిళ్ళు పెంచినా, ఆకులు పెంచినా లేచేది ఒళ్ళే. యాక్సిల్ లేవదు. అది లేవాలంటే పెద్ద టైరు వెయ్యాలి. నేల తాకేది ఆ బుడిపె. నేను డబ్బు పోసింది దాని పైనున్న గాలికి.

మోపెడ్ మీద పోతున్న కుర్రాడొకడు ఆగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "గాలి దించన్నా" అన్నాడు. పుల్ల తీసి వాల్వు పిన్ను నొక్కి నాలుగు టైర్లలోనూ సగం దాకా వదిలేశాడు. టైరు పక్కలు ఉబ్బి నేలని వెడల్పుగా పట్టుకున్నాయి. ఫోర్ వీల్ లో గేర్లో రివర్సు వేస్తే బండి మారు మాట్లాడకుండా వెనక్కొచ్చింది. పుల్ల ఖరీదు అడక్కండి.

నేను లేపిన దుమ్ము అప్పటికి పక్కనున్న గని కార్మికుల లైన్లలోని ఇళ్ళమీద వాలుతోంది. ఒక పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి తమిళంలో తిట్టింది. గాలివాటంగా వచ్చే దుమ్మే ఏటా మింగుతున్నాం, నువ్వొకడివి తక్కువయ్యావా అని. సగం అర్థమైంది, మిగతా సగం అర్థంకానట్టు నటించాను. సస్పెన్షన్‌తో సంబంధంలేని తప్పు ఇది, దీనికి విడిభాగాలు దొరకవు. దిబ్బలమీదికి మళ్ళీ పోలేదు.

ఇంట్లో మా నాయన ఉన్నాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే దాకా ఛాంపియన్ రీఫ్ గనిలో చేసినవాడు. ఆ లోతుల్లో రాయి ఒత్తిడికి ఒక్కసారిగా పగిలేదాన్ని ఇక్కడ ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్ళు. పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి. ఆ అదురుల సంగతి తేల్చే చదువుకని 1988లో ఊళ్ళోనే జాతీయ శిలా యాంత్రిక సంస్థ పెట్టారు. అలాంటివాడి ముందు కూర్చుని నా బండి అదురు గురించి వివరించాను. అంతా విని, "మేము రెండు మైళ్ళు కిందికి పోయి వచ్చినోళ్ళం. నువ్వు రెండంగుళాలు పైకి పోయేదానికి ఇంత ఖర్చయిందా" అన్నాడు. మళ్ళీ పేపరు తీసుకున్నాడు.

అసలు భయం హైవే మీద మొదలైంది. జిప్సీకి ముందు షాకిల్ కట్ట ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగిస్తే యాక్సిల్ కాస్త ముందుకి తిరుగుతుంది. స్టీరింగ్ తనంతట తాను తిన్నగా నిలిచేది క్యాస్టర్ కోణం వల్ల. యాక్సిల్ తిరిగితే ఆ కోణం చచ్చిపోతుంది. కోలారు దాటి ముళబాగిలు వైపు కాస్త వేగం అందుకోగానే బండి ఎడమకి చూసి, కుడికి ఆలోచించడం మొదలుపెట్టింది. కిందనుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ గుంయ్‌మని ఒకటే రొద. షాఫ్ట్ వాలు పెరిగి జాయింట్లు ఏడుస్తున్నాయి. వెనక అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా ఘోరంగా ఉంది.

బంగారుపేటలో లారీలకి కమాన్ కట్టలు కట్టే పెద్దాయన దగ్గరికి చేరాను. అన్నా అని పిలిచి కిట్ కథంతా చెప్పాను. ఆయన ఎర్ర షాకుల వైపు చూడనైనా లేదు. "ముందు పాత కట్టకి ఏమయిండాదో చూస్తివా అప్పా?" అన్నాడు. చూడలేదు. మార్చాలనుకున్నానే గానీ, ఉన్నది ఎందుకు పనిచేయడంలేదో చూడాలని తోచలేదు.

యూ బోల్టులు ఊడదీసి, సెంటర్ బోల్టు విప్పి కట్టని నేలమీద పరిచాడు. ఆకులు విడిపోలేదు. మధ్యలో ఉలి పెట్టి సుత్తితో కొడితే ఒక్కొక్కటీ ఊడింది, ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా రాలింది. కింది ఆకు కొస పై ఆకులో వేలిగోరు దిగేంత గాడి కోసేసింది. కంటిలోని బుష్ రబ్బరు నలిగిపోయి ఒకపక్క ఇనుముకి ఇనుము రాసుకుంటోంది. కమాన్ గట్టిదనం ఆకు మందం మూడో ఘాతాన్ని బట్టి ఉంటుంది. అయిదు ఆకులు ఒకదానిమీద ఒకటి జారుతుంటే ఒక ఆకుకి అయిదింతలు గట్టి. అవే అయిదూ ఒకటిగా అతుక్కుపోతే లెక్కకి నూటపాతిక ఇంతలు. తుప్పు అంతగా అతకదనుకోండి, కానీ మా అమ్మ నడుము ఎటువైపు లెక్కలో ఉందో తెలిసిపోయింది. ఆ దుంగమీద నేను ఇంకో ఆకు పెట్టించాను!

తుప్పు గీకి, కొసలు సానపెట్టి, గ్రాఫైట్ గ్రీసు రాసి, అదనపు ఆకు తీసేసి, కొత్త బుష్‌లు, మామూలు షాకిళ్ళు, కంపెనీ వేసే సాదా షాకులు వేశాడు. అయిన బిల్లు నా ఎర్ర షాకుల్లో ఒకదాని ధరకి కాస్త అటూ ఇటూ. టైర్లలో నేను గట్టిగా కొట్టించిన గాలిని కూడా డోరు దగ్గర స్టిక్కరుమీద రాసినంతకి దించాడు. తోటకి పోయేటప్పుడు ఇంకొంచెం దించుకుని, రోడ్డెక్కేముందు కొట్టించుకోమన్నాడు. జిప్సీ కారు కాలేదు, కాదు కూడా. కానీ చెరువు కట్టమీద అమ్మ నిద్రపోయింది.

కంపెనీ ఇచ్చిన లెక్కకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పిందని మా బంధువొకడు ఇప్పుడు చెప్తున్నాడు. ముందు చెప్పినా వినేవాణ్ణి కాదు, కాబట్టి వాడిమీద కోపం లేదు.

పొడుగు షాకిళ్ళు పాత ఇనుము వాడికి తూకానికి వేసేశాను. వాటితో ఇంకొకడు రోడ్డెక్కితే నాకు నిద్రపట్టదు. ఎర్ర షాకులు అమ్మకానికి పెట్టాను. మాలూరు నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు, వాడిదీ జిప్సీయే. అవి నీ బండికి గట్టివి, ముందు నీ కమాన్ కట్ట విప్పించి చూసుకో, డిఫరెన్షియల్ ఎత్తు కొలుచుకో అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అంతా విన్నాడు. "అదంతా సరే అన్నా, బండికి వేస్తే చూసేదానికి ఎట్లుంటాది?" అన్నాడు.

ఫొటో పంపించాను. సాయంత్రపు ఎండలో తీసిందే, బాగా పడింది.