మా రోజుల్లో మనిషిని అడిగేవాళ్ళం

మా రోజుల్లో తెలియని సంగతి ఏదైనా ఉంటే చెప్పులు తొడుక్కొని బయలుదేరాల్సిందే. తెలిసినవాడు ఏ వీధిలో ఉంటాడో, ఏ వేళకు ఇంట్లో దొరుకుతాడో కనుక్కొని వెళ్ళాలి. ఇప్పుడు మంచం మీద నుంచి లేవకుండా గూగుల్లో కొడుతున్నారు. కూరలో ఉప్పు ఎక్కువైతే గూగుల్, బిడ్డకు జ్వరం వస్తే గూగుల్, పెళ్ళికి ముహూర్తం చూడాలంటే గూగుల్. ఇంట్లో ఎవరైనా పోతే ఏ రోజున ఏ కర్మ చెయ్యాలో, అదీ గూగులే.

నేను కోయంబత్తూరు పీలమేడులో పుట్టి పెరిగినవాణ్ణి. మా చెల్లెలిని మధురలో ఇచ్చాం. ఈ రెండు ఊళ్ళలోనూ మావాళ్ళు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, బడిలో తమిళం చదువుకుంటూ బతుకుతున్నారు. ఈ కొత్త అలవాటు వేరేవాళ్ళకు ఎంత మేలు చేసినా చెయ్యనీ, మాకు మాత్రం తీరని నష్టం చేస్తోంది.

తెలిసినవాణ్ణి అడిగితే ముందు అతను మనల్ని అడిగేవాడు. అసలు తేడా అక్కడే ఉంది. పత్తికి తెగులు పట్టిందంటే మా పెద్దవాళ్ళు మొక్కను వేరుతో సహా పెరికి, తడిగుడ్డలో చుట్టుకొని, 1906 నుంచీ ఊళ్ళో ఉన్న వ్యవసాయ కళాశాలకు వెళ్ళేవాళ్ళు. అక్కడి అయ్యవారు మొక్కను చూసి ఊరుకునేవాడు కాదు. నీది నల్ల నేలా, ఎర్ర నేలా? విత్తనం ఎప్పుడు వేశావు? బావిలో నీళ్ళు ఏ మట్టానికి ఉన్నాయి? ఇవన్నీ తెలుసుకున్నాకే మందు పేరు చెప్పేవాడు. 1968లో కోయంబత్తూరు నుంచే ఎం.సి.యు.5 అనే పొడుగు పింజ పత్తి వచ్చింది. దాని సంగతి మావాళ్ళు ఏ కాగితంలోనూ చదవలేదు. పక్క చేను కాపు చూశారు, ఆ ఆసామిని అడిగారు, మరుసటి కారుకు వాళ్ళూ వేశారు. ఆ ఆసామి అబద్ధం చెప్పడానికి లేదు. రేపు పొద్దున మళ్ళీ అదే గట్టు మీద ఎదురుపడాలి కదా.

ఇప్పటి కుర్రాడు పత్తి పురుగు అని కొట్టగానే ఎక్కడో గుజరాత్ నేలకు చెప్పిన సలహానో, మందు అమ్ముకొనేవాడు తీసిన వీడియోనో ముందుకు వస్తుంది. నీ నేల ఏది అని అడిగే నాథుడు లేడు.

మోటార్ల సంగతీ అంతే. కోయంబత్తూరుకు మిల్లులూ మోటార్లూ అన్నం పెట్టాయి. లక్ష్మీ మిల్స్ 1910లో వెలిసింది. మా జి.డి.నాయుడు గారు (1893–1974) కలంగల్ రైతుబిడ్డ. బడి చదువు పెద్దగా లేదు. మోటారు సైకిలు ఒకటి కొని, దాన్ని ఊడదీసి, మళ్ళీ బిగించి యంత్రం సంగతి నేర్చుకున్నారని మా ఊళ్ళో చెప్పుకోని ఇల్లు లేదు. 1937లో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి కరెంటు మోటారు తయారుచేశారు. ఆ తరం మెకానిక్కులు స్క్రూడ్రైవరు మొనను తిరిగే మోటారుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, బేరింగు పోయిందో లేదో ఆ చప్పుడును బట్టి చెప్పేవాళ్ళు. పక్కన నిలబడ్డ కుర్రాడి చెవికి కూడా ఆనించి ‘విను’ అనేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి విని విని నేర్చుకున్నారు. ఇప్పుడు వర్క్‌షాపులో మోటారు మూలిగితే కుర్రాడు చెవి పెట్టడు, ఫోను తీస్తాడు. ముసలి మేస్త్రి అదే షెడ్డులో స్టూలు మీద కూర్చొని ఉంటాడు. ఆయన్ని పలకరించేవాడే లేడు. నాకు ఇది చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

వైద్యం గురించి ఒక్క మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. మధురలో డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ చుట్టుపక్కల పల్లెల ముసలివాళ్ళు ఎవరి మాట నమ్మి కంటికి కత్తి పెట్టించుకున్నారు? ఆపరేషన్ అయ్యి, చూపు వచ్చి, మనవణ్ణి గుర్తుపట్టిన పక్కింటి అవ్వ మాట నమ్మి. ఇప్పుడు ఫోన్లో ఆసుపత్రి అని వెతికితే మొదట కనిపించేవి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. వాటి మీద చిన్న అక్షరాలతో స్పాన్సర్డ్ అని రాసే ఉంటుంది. భయంలో ఉన్నవాడి కంటికి అది ఆనదు.

ఇక అసలు సంగతి.

మాకు ఇంటిపేర్లు ఉన్నాయి. కానీ తమిళనాట పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం వేసుకోవడమే వాడుక. అందుకని మా ఇంటిపేరు బడి రిజిస్టరులో లేదు, రేషన్ కార్డులో లేదు, ఆధార్‌లో లేదు. ఇన్నాళ్ళూ నోటిలోనే బతికింది. పెళ్ళి మాటలప్పుడు పెద్దవాళ్ళు ‘మీరు ఏ ఇంటివాళ్ళు?’ అని అడుగుతారు. రెండువైపులా ఒకటే అయితే అన్నదమ్ముల వరస, సంబంధం అక్కడితో ఆగిపోతుంది. మా తమ్ముడి మనవడు, ఇంజనీరింగు చదివినవాడు, మనం ఎక్కడి నుంచి వచ్చాం అని ఫోన్లో వెతికాడు. మా ఇంటిపేరు దొరకలేదు. దొరికినవి కులం గొప్పలు, ఎవరు రాశారో ఊరూ పేరూ లేని కథలు. ‘పెదతాతా, మన గురించి ఏమీ లేదే, మనకు చరిత్ర లేదు’ అని తేల్చేశాడు.

నాకు ఒళ్ళు మండింది. వాడి అవ్వ పక్కగదిలోనే బియ్యం ఏరుకుంటూ ఉంది. ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు మా అమ్మ చెప్పిన పేర్లన్నీ, ఎవరు ఏ ఊళ్ళో బావి తవ్వించారో, ఏ కరువులో ఎవరు ఊరు విడిచారో, ఆమెకు ఇప్పటికీ నోటికి వచ్చు. వాడు ఆమెను ఒక్క మాట అడగలేదు. ఫోన్లో లేదు కాబట్టి లేదన్నాడు.

విజయనగరం తరఫున వచ్చిన విశ్వనాథ నాయకుడు మధురలో పాలన మొదలుపెట్టింది 1529లో అని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. మావాళ్ళు చాలామంది ఆ తరువాతి కాలంలో, విడతలు విడతలుగా దిగివచ్చారు. అవ్వలు చెప్పే వలస కథలో ఏరు దాటలేక నిలబడిపోయిన జనానికి చెట్టు వంగి దారి ఇస్తుంది. మా అవ్వ దాన్ని కథగానే చెప్పేది. ఇది కథ, ఇది మా తాత కళ్ళారా చూసింది అని వేరు చేసి చెప్పేది. ఫోన్లో కనిపించే పేజీలకు ఆ పాటి నిజాయితీ లేదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్ గారు (1923–2021) ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. పెద్దలు చెప్పుకొనే ఆ వలస కథలే ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలకు ఊపిరి. దాని తరువాయికి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కరిసల్ (నల్లరేగడి) సీమ మాటలకు నిఘంటువు కూడా కట్టారు. ఇవన్నీ మనుషుల్ని అడిగి, చెవి ఒగ్గి విన్నందువల్ల దొరికినవి.

వెతికే యంత్రం ఎలా పనిచేస్తుందో ఆ మనవడే నాకు విడమరిచి చెప్పాడు. వెబ్ పేజీలను ముందే చదివి, పుస్తకం చివర పదసూచిక వేసినట్టు, ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక కట్టి పెట్టుకుంటుందట. ఏ పేజీని ముందు చూపాలంటే, దాన్ని వేరే పేజీలు ఎన్ని పేర్కొన్నాయో లెక్క చూస్తుందట. 1998లో గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌ల ఆలోచన అది. తరువాత ఇంకా చాలా లెక్కలు చేరాయట. అంటే ఏమిటి? ఎవరో ఒకరు రాసి ఉంటేనే అది తెచ్చి ఇవ్వగలదు. రాసినవాటిలోనూ పదిమంది ఎత్తి చూపిందే ముందు వస్తుంది. మా ఇళ్ళలో మాట్లాడే తెలుగును ఎవరూ రాయలేదు. ఎత్తి చూపేవాడెవడు?

రాయకపోవడానికీ కారణం ఉంది. మా పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. తెలుగు నేర్పే బడులు తగ్గిపోతూ వచ్చాయి. 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం మాకు అన్నం పెట్టిన భాష, దాన్ని నేర్చుకోవద్దని నేను అనను. దాని పక్కన మా అక్షరానికి కూడా ఇంత చోటు ఉండాల్సింది. ఇప్పుడు పిల్లలు వాట్సాప్‌లో తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాస్తారు. అందులో క, గ రెంటికీ ఒకటే అక్షరం. అలా రాసింది పెట్టి వెతికితే ఏం దొరుకుతుంది? 2017 నుంచి తెలుగు మాట విని వెతికే వసతి కూడా వచ్చింది. మా చెల్లెలు మధుర తెలుగులో అడిగితే ఫోను వేరే ఏదో రాస్తుంది. తెలుగు అని పెడితే మధ్యలో వచ్చే తమిళ మాటలు దానికి అందవు, తమిళం అని పెడితే తెలుగే అందదు. ఆమె ఫోను పక్కన పడేసి ఎదురింటి ఆమెను అడుగుతుంది. మంచి పని చేస్తుంది.

ఫోను చేసిన మేలును కాదనను. బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన తెలుగు నిఘంటువు ఇవాళ ఫోన్లోనే నా చేతిలో ఉంది. మధుర నాయక రాజుల్లో విజయరంగ చొక్కనాథుడు (పాలన 1706–1732) తానే తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం రాశాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా రాశాడు. తెలుగు వచనం పెరిగిన ఊరు మా మధుర. ఇది ఫోన్లో వెతికినా దొరుకుతుంది. కానీ దొరకాలంటే ఆ పేర్లు ముందే తెలిసి ఉండాలి. ఊరికే మధుర అని కొట్టిన పిల్లవాడికి మీనాక్షమ్మ గుడి వేళలూ, లాడ్జీలూ, జిగర్‌తండా దుకాణాలూ వస్తాయి. ఏం అడగాలో చెప్పే పెద్దవాళ్ళు ఇంట్లో ఉండాలి. వాళ్ళు చెప్పేది వినే ఓపిక పిల్లలకు ఉండాలి.

కోయంబత్తూరులో గానీ మధురలో గానీ తెలుగు ఇళ్ళలో పుట్టిన పిల్లలారా, మీ ఇంట్లో ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంటిపేరు ఎక్కడిదో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారో, పెళ్ళిలో ఏ పాట పాడేవాళ్ళో, నీళ్ళాడిన తల్లికి ఏ కషాయం పట్టేవాళ్ళో ముందు వాళ్ళను అడగండి. చెప్పింది చెప్పినట్టు వాళ్ళ మాటల్లోనే రికార్డు చెయ్యండి, రాసిపెట్టండి. తెలుగు అక్షరం వస్తే తెలుగులో, రాకపోతే తమిళ అక్షరాల్లోనైనా సరే రాయండి. ఈ సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టండి.